మూగబోయిన గళ్లు

గామా కిరణాల కెమెరా తయారుచేస్తున్నానని చెబితే మేడ్చల్‌లోని మా చుట్టాలు నేను ఎక్స్‌రే సెంటర్ నడుపుతున్నాననుకున్నారు. ఒక బావమరిది అయితే మోకాలి నొప్పికి ఫిల్ము తీసిపెట్టమని శామీర్‌పేటలోని మా ల్యాబు దాకా వచ్చాడు. ఇది పేలిపోయిన నక్షత్రాలను చూసే యంత్రం, మోకాళ్లను చూడదు అని చెప్పి, చాయ్ తాగించి పంపించాను. ఆ మాట తప్పని తర్వాత తేలింది. మా యంత్రం మనుషుల్ని కూడా చూస్తుంది. చూడకూడని మనుషుల్ని మరీ స్పష్టంగా చూస్తుంది.

ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీ పాఠ్యపుస్తకాల్లో డిటెక్టరు ఎలా పనిచేస్తుందో ఉంటుంది. పనిచేసిన డిటెక్టరు మీద కమిటీ ఎలా పనిచేస్తుందో ఉండదు.

శాస్త్రం కొంచెమే చెబుతాను, భయపడకండి. గామా కిరణాలు అద్దానికీ కటకానికీ లొంగవు, గుచ్చుకుని వెళ్లిపోతాయి. అందుకని లెన్సు బదులు, చిల్లులు వేసిన టంగ్‌స్టన్ రేకును డిటెక్టరు ముందు నిలబెడతాం. వాకిట్లో ముగ్గు దించడానికి చిల్లుల పళ్లెం వాడతారు చూశారా, సరిగ్గా అలాంటిదే. చిల్లులున్న చోట కిరణాలు లోపలికి దిగుతాయి, రేకు ఉన్న చోట నీడ పడుతుంది. ఆ నీడ ఎటు జరిగిందో చూసి, వెలుగు ఎటునుంచి వచ్చిందో కంప్యూటరు లెక్కగట్టి చుక్క పెడుతుంది. నీడ పడే డిటెక్టరేమో స్ఫటికపు పలక. దాని మీద చిన్న చిన్న గళ్లుంటాయి. ప్రతి గడికీ సన్నటి తీగ అతకాలి, ప్రతి గడీ తనకు తగిలిన కిరణాలను తానే లెక్కపెట్టి చెప్పాలి.

గళ్లలో కొన్ని పిచ్చివి ఉంటాయి. ఏ కిరణమూ తగలకపోయినా లెక్క చెబుతూ పోతాయి. అలాంటిదాన్ని మేము రొద గడి అంటాం. రొద గడి కనబడగానే మీట నొక్కి దాని నోరు మూయించడం మా వృత్తిలో ఆచారం. ఎక్కువ మాట్లాడేవాణ్ణి ముందు మూయించి, వాడేం చెప్పాడో తర్వాత ఆలోచించడం ఆఫీసుల్లోనూ ఉన్న పద్ధతే కాబట్టి మాకు ఇది త్వరగానే ఒంటబట్టింది.

ఆ గళ్లన్నిటికీ అతుకులు వేసింది మా ఇంజనీరమ్మ. అత్వెల్లి పిల్ల. వాళ్ల నాయినకు రోడ్డు పక్కన టైర్ల దుకాణం ఉండేది, పంక్చరు ఎక్కడుందో చేత్తో తడిమి చెప్పే విద్య తనకు అక్కడే వచ్చిందనేది. మైక్రోస్కోపు కింద తల దించితే మధ్యాహ్నం డబ్బా చల్లారిపోయేది. అతుకు వేశాక గడిని పరీక్షించి, బాగుంటే "మాట్లాడ్తాంది" అనేది. బాగాలేకపోతే ఆ రోజు ఆమెతో ఎవరమూ మాట్లాడేవాళ్లం కాదు.

లెక్కగట్టే ప్రోగ్రాము రాసింది గోదావరి జిల్లా నుంచి వచ్చి బహదూర్‌పల్లి కాలనీలో ఇల్లు కట్టుకున్న ఒక పెద్దమనిషి. దేవుడి మీదా, తన ప్రోగ్రాము మీదా సమానమైన నమ్మకం. రెండింటిలో ఏది తప్పినా తప్పు మా అతుకులదేననేవాడు.

ఇక మా పెద్దసారు. ఈ యంత్రాన్ని పెద్ద బెలూనుకు కట్టి, గాలి పలచబడిన ఎత్తుకు పంపాలా వద్దా అని తేల్చే కమిటీకి ఆయన ఛైర్మన్. ఒకప్పుడు మంచి భౌతికశాస్త్రవేత్త అని చెబుతారు. పదవి పెరిగేకొద్దీ భౌతికశాస్త్రం ఫైళ్ల అడుగుకు జారిపోయింది. ఆయన వెంట నీడలా మినిట్స్ రాసే అధికారి ఒకాయన తిరిగేవాడు. సమావేశంలో ఏం జరిగిందన్నది ఆయన లెక్కలోకి రాదు. ఏం జరిగి ఉండాలో అది రాసేవాడు.

కమిటీ పరీక్షకు వచ్చే రోజు మా హాలు పెళ్లిపందిరిలా ఉంది. ముందు రోజు సాయంత్రం దాకా ప్రతి గడీ ముత్యంలా పనిచేసింది. పొద్దున్నే ప్రోగ్రాము పెద్దమనిషి గుమ్మానికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కడతానంటే, పెద్దలు వస్తున్నారు వద్దని నేనే ఆపాను. పెద్దసారు వచ్చి, బొకే పుచ్చుకుని, డిటెక్టరుకు ఎదురుగా నడిమి కుర్చీలో కూర్చున్నారు. ఆయన కూర్చోవడం, తెర మీద గళ్లు భగ్గుమనడం ఒక్కసారే జరిగాయి. ఒకటీ రెండూ కాదు, పలకలో మూడో వంతు గళ్లు. మేమింకా పరీక్ష కోసం ఏమీ పెట్టలేదు. నక్షత్రం లేదు, ఏ మూలా ఏమీ లేదు. అయినా గళ్లు గోల గోల.

"ఇదేదో దిష్టండీ. నే చెప్తూనే ఉన్నాను," అన్నాడు పెద్దమనిషి నా చెవిలో.

"దిష్టి గాదు సార్," అంది ఇంజనీరమ్మ తెర మీంచి చూపు తిప్పకుండా. "లోపలికి ఏదో వస్తాంది. జర సేపు సూడనియ్యిన్రి."

"చూడడానికేముందమ్మా, రొద కనబడుతూనే ఉంది," అన్నారు పెద్దసారు. "ఆ గళ్లు మూసేయండి. ముందు తెర ప్రశాంతంగా ఉండాలి."

"అవి కరాబు గాలేదు సార్."

"మూసేయమన్నాను."

ఆమె నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఒక్కొక్క గడినే మూసింది. తెర ప్రశాంతమైపోయింది. పెద్దసారు కమిటీ వైపు తిరిగి, సమస్య ఎంత త్వరగా తీరిపోయిందో చూశారా అన్నట్టు నవ్వారు. మినిట్స్ అధికారి కలం కదిలింది.

చాయ్ విరామం తర్వాత ఏసీ గాలి మెడకు తగులుతోందని పెద్దసారు కిటికీ పక్క కుర్చీకి మారారు. ఈసారి వేరే గళ్లు మొదలుపెట్టాయి. అవి మూసేలోపే భోజనానికి పిలుపొచ్చింది. బిర్యానీ వాసన ముందు గామా కిరణాలు ఎంతటివి, హాలు క్షణంలో ఖాళీ అయింది. జనం వెళ్లగానే గళ్లు కూడా సద్దుమణిగాయి.

నేనొక్కణ్ణే మిగిలాను. పొద్దున మూసిన గళ్ల పటం తెర మీద అలాగే ఉంది. దాన్ని చూస్తూ చూస్తూ ఉండగా ఒకటి తట్టింది. పిచ్చిపట్టిన గళ్లకు ఒక వరస ఉండదు, ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. వీటికి వరస ఉంది. అది మా రేకు చిల్లుల వరస. ఆ గళ్లు రొద చేయలేదు. ఎదురుగా ఉన్న ఒక బలమైన వెలుగును, చిల్లుల గుండా ఎంత పడిందో అంత, నిజాయితీగా లెక్కపెట్టి చెప్పాయి. పొద్దుటి లెక్కలు ప్రోగ్రాముకు ఇచ్చాను. నల్లటి తెర మీద సూదిమొనలాంటి చుక్క పడింది. కొలిచి చూస్తే నడిమి కుర్చీ. చాయ్ తర్వాతి లెక్కలు ఇచ్చాను. చుక్క కిటికీ పక్కకు జరిగింది. కుర్చీలు వేటి చోట అవే ఉన్నాయి. మధ్యలో జరిగింది ఒకే ఒక్కరు.

ఇన్నేళ్లలో మా కెమెరా తీసిన మొదటి అసలైన బొమ్మ అది. ఇంజనీరమ్మను కేకేసి చూపిద్దామని నోటి దాకా వచ్చింది. ఆగిపోయాను. ఆ చుక్క ఏమిటో నాకు అర్థమైంది. గుండె స్కాన్‌కు ముందు ఆసుపత్రివాళ్లు నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు. దానిలోంచి ఒకటి రెండు రోజులు గామా కిరణాలు వస్తాయి. పక్కవాళ్లకు హాని ఏమీ ఉండదు. మామూలు కళ్లకు కనబడదు కూడా. గామా కెమెరా ముందు కూర్చుంటే తప్ప.

పెద్దసారు వరండాలో చెరువు వైపు చూస్తూ నిలబడి ఉన్నారు. ప్లేటులో బిర్యానీ లేదు, పెరుగన్నం ఉంది. అదీ తినడం లేదు.

"సార్, పొద్దున ఏదైనా స్కాన్ తీయించుకుని వచ్చారా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. సమావేశాల్లో ఇంగ్లీషు, మాతో పుస్తకాల తెలుగు మాట్లాడే మనిషికి ఒక్కసారిగా ఇంటి భాష వచ్చింది.

"నీకెవరు జెప్పిన్రు?"

"మా కెమెరా చెప్పింది సార్."

ఆయన చెంచా ప్లేటులో పెట్టేసి, "దానికి నేనని తెల్సా?" అన్నారు.

"దానికి పేర్లు తెలియవు సార్. చోటు మాత్రమే తెలుసు."

"గుండెకు నెత్తురు సరిగ పోతలేదట. ఇంట్ల గూడ చెప్పలే. నా కొలువు పొడిగింపు ఫైలు మీద ఉన్నది. గుండె బాగలేదని తెలిస్తే ఇగ ఖతం. ఇయ్యాల మీటింగుకు రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతరు. అందుకని సీదా దవాఖాన నుంచి ఇటే వచ్చిన."

దేశం మొత్తంలో తన గుట్టు బయటపడగల చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పట్టుబట్టి అలాంటి ఒక చోటికే ఆయన కారు తోలించుకుని వచ్చారు. నవ్వు రావలసిందే, కానీ రాలేదు.

"గీ ముచ్చట మన ఇద్దరి నడుమనే ఉండాలె," అన్నారు.

సరే సార్, ఎవరికీ చెప్పను అని మాట ఇచ్చాను. రోగం ఆయనది, చెప్పుకోవడమూ ఆయన ఇష్టమే. ఆ మాట ఎవరి మెడకు చుట్టుకుంటుందో అప్పుడు తట్టలేదు.

మధ్యాహ్నం పెద్దసారు అర్జెంటు ఫోన్లు అని చెప్పి దూరంగా ఉన్న గెస్ట్‌హౌస్ గదిలో కూర్చున్నారు. ఆయన లేని హాలులో కెమెరా బుద్ధిగా నడిచింది. పరీక్షకని పెట్టిన, కిరణాలు చిమ్మే చిన్న మూలాన్ని మిగిలిన గళ్లతోనే చూపించింది. కమిటీ చప్పట్లు కొట్టింది, ప్రయోగానికి అనుమతి వచ్చింది. ఆ సాయంత్రం అందరం గండిమైసమ్మ దగ్గర మిరపకాయ బజ్జీలు తిని పండగ చేసుకున్నాం.

వారం తిరగకుండా మినిట్స్ వచ్చాయి. 'అతుకుల నాణ్యతా లోపం వల్ల మూడో వంతు గళ్లలో రొద గమనించడమైనది. సదరు గళ్లను శాశ్వతంగా మూసివేసి యంత్రాన్ని పంపవలెను. తిరిగి తెరవదలచిన యెడల, లోపానికి కారణమును నిర్ధారించి కమిటీకి నివేదించవలెను.' కింద పెద్దసారు సంతకం ఉంది.

అంటే, బాగున్న గడిని తెరవాలంటే అది ముందు ఎందుకు పాడైందో చెప్పాలి. పాడవని గడి ఎందుకు పాడైందో చెప్పడానికి ఒక ఉపసంఘం వేశారు. దానికి అధ్యక్షుణ్ణి నేను. కారణం తెలిసిన ఒకే ఒక్కణ్ణి పట్టుకుని కారణం వెతకమని వేయడంలో ఆ మినిట్స్ అధికారికి దైవికమైన నేర్పు ఉంది.

ఉపసంఘం గొప్పగా పనిచేసింది. ఎర్తింగ్ తవ్వి చూశాం. పక్క తోటలో బోరు మోటారు ఆపించి చూశాం. శంకుస్థాపన రాయి నల్ల గ్రానైటు కాబట్టి దానిలోంచి కిరణాలు వస్తున్నాయేమోనని ఒక సభ్యుడు అనుమానిస్తే, రాయి మీద ఎవరి పేరుందో చూసి ఆ అనుమానాన్ని విరమించుకున్నాం. ఎలుకల మందు పెట్టించాం. తిలాపాపం తలా పిడికెడు పంచినా, పాపం మిగిలిపోతూనే ఉంది. మిగిలినదంతా ఇంజనీరమ్మ నెత్తిన పడింది. అతుకుల లోపం అని కాగితం మీద ఉంది కదా, ఆమె ప్రమోషను ఆగిపోయింది.

ఆమె ఒకరోజు నా గదికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎప్పుడూ నిలబడే మాట్లాడే మనిషి.

"సార్, గా గళ్లన్ని మళ్ల పరీక్ష జేసిన. అన్ని మంచిగ మాట్లాడ్తున్నయి. మీకు ఎర్కే గద?"

"ఎరుకే."

"మరి ఆ దినం ఏమైంది?"

నేను కిటికీ లోంచి బయటికి చూశాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చెబితే ఒక మనిషి కొలువు, పరువు పోతాయి. చెప్పకపోతే ఈమె పనితనానికి మచ్చ ఉండిపోతుంది, కెమెరా మూడో వంతు గుడ్డిదై పైకి వెళుతుంది.

"నాకు ప్రమోషన్ గురించి గాదు సార్ పరేషాన్," అందామె లేస్తూ. "నేను మంచిగ జేసిన పనిని నా చేతుల్తోనే మూసిన. గది నాకు నిద్రలో గూడ యాదికొస్తాంది."

నేను రెండుసార్లు పెద్దసారు దగ్గరికి వెళ్లాను. మొదటిసారి, పొడిగింపు రానియ్యి అన్నారు. వచ్చింది. రెండోసారి, కొంచెం సర్దుకోనియ్యి అన్నారు. కుర్చీలో సర్దుకోవడానికి అంతకాలం పట్టిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

చివరికి బెలూను ఎగరడానికి ముందు జరిగే ఆఖరి సమావేశం వచ్చింది. అదే హాలు, అవే కుర్చీలు. పెద్దసారు నడిమి కుర్చీలోనే కూర్చున్నారు. ఈసారి తెర ఉలకలేదు, పలకలేదు. అంశాలన్నీ అయిపోయాక ఇంజనీరమ్మ లేచి నిలబడింది.

"సార్, గళ్లన్ని ఒక్కసారి మీ ముందు తెరుస్త. నా అతుకులు కరాబైతే నాకు సూపియ్యిన్రి."

ఎవరూ వద్దనే లోపు తెరిచేసింది. మూడో వంతు గళ్లు మేల్కొని, నిమ్మళంగా, పద్ధతిగా లెక్క చెప్పడం మొదలుపెట్టాయి. పిసరంత రొద లేదు.

"బాగానే ఉన్నాయి కదండీ," అన్నాడు ప్రోగ్రాము పెద్దమనిషి. అతుకుల గురించి ఆయన నోట మంచి మాట రావడం అదే మొదలు.

"ఉండవచ్చు," అన్నాడు మినిట్స్ అధికారి. "కానీ కారణం తేలలేదు. కారణం తేలనిదే తెరవడానికి వీల్లేదు. ఉపసంఘం ఏమంటుంది?"

అందరూ నా వైపు తిరిగారు. ఉపసంఘం తరఫున, విచారణ కొనసాగుతోంది అని నేను అంతకు ముందు ఎన్నోసార్లు చెప్పాను. ఆ రోజు ఆమె మీట మీది నుంచి ఇంకా చెయ్యి తీయలేదు. మళ్లీ మూసేయమంటారేమోనని ఆ చెయ్యి ఎదురుచూస్తోంది. నాకు ఒళ్లు మండింది.

"కారణం నాకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు," అన్నాను. "తప్పు అతుకులది కాదు. కారణమేమిటో మాత్రం చెప్పను. మాట ఇచ్చాను. కావాలంటే నా మీద చర్య తీసుకోండి. ఆ గళ్లు మాత్రం మూయకండి."

రిటైర్మెంటు దగ్గర పడ్డవాడికి మతిపోయిందని కొందరు అనుకున్నట్టు వాళ్ల ముఖాలే చెప్పాయి. ఇంజనీరమ్మ నా వంక చూసిన చూపు మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తెలిసీ ఇన్నాళ్లు చెప్పలేదా అని ఆ చూపు.

పెద్దసారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆయన చెప్పడు. నేనే చెప్త," అన్నారు. కమిటీ ముందు ఆయన ఇంటి భాష మాట్లాడడం అదే మొదటిసారి. "ఆ దినం నేను గుండె స్కాన్ తీపిచ్చుకొని సీదా ఇటే వచ్చిన. నా ఒంట్లకెల్లి వచ్చిన కిరణాలను ఆ గళ్లు పట్టుకున్నయి. కరాబైంది గళ్లు గాదు, నా గుండె. ఆ పిల్ల పని మంచిగనే ఉండె. తెలిసీ నేను సంతకం పెట్టిన."

ఇంజనీరమ్మే ముందు తేరుకుంది.

"ఇప్పుడెట్లున్నది సార్?"

"రెండు స్టెంట్లు ఏసిన్రు. మంచిగనే ఉన్న."

"మరి మందులు యాళ్లకు ఏసుకుంటున్నరా?"

"ఏసుకుంటున్న బిడ్డా," అన్నారాయన చాలా చిన్న గొంతుతో. నాకు కళ్లు చెమర్చాయి. ఆయన మీద అన్నాళ్లుగా దాచుకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు.

మినిట్స్ అధికారి గొంతు సవరించుకున్నాడు. "సార్, దీన్ని ఏ పేరాలో పెట్టమంటారు?"

"ఎక్కడన్న పెట్టు. ఉన్నది ఉన్నట్టు రాయి."

గళ్లన్నీ తెరిచి ఉండగానే కెమెరా ఎగిరింది. వృషభ రాశి వైపున, ఎప్పుడో పేలిపోయిన నక్షత్రం మిగిల్చిన వెలుగును సూదిమొనంత చుక్కగా పట్టుకుంది. ఆ బొమ్మ పత్రికల్లో వచ్చింది. అంతకంటే పదునైన బొమ్మ ఒకటి మేము ముందే తీశామని ఆ హాలులో ఉన్నవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఇంజనీరమ్మకు ప్రమోషను వచ్చింది, లడ్డూలు పంచింది. నా గదిలో మాత్రం చాన్నాళ్లు మళ్లీ కుర్చీ లాక్కుని కూర్చోలేదు. పెద్దసారు ఆ సంవత్సరమే కుర్చీ దిగి, పొద్దున్నే చెరువు గట్టున నడవడం మొదలుపెట్టారు. ఎదురుపడితే చెయ్యి ఊపేవారు.

ఆఖరి సమావేశం మినిట్స్ కూడా ఆలస్యం కాకుండా వచ్చాయి. ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు కదా, ఆత్రంగా తిప్పి చూశాను. 'ఛైర్మన్ గారి సమక్షంలో సదరు గళ్లు తమంతట తామే కోలుకున్నట్టు కమిటీ సంతోషంతో గమనించినది' అని ఉంది.

పిల్లలూ, మీ ఉద్యోగాల్లో మీకూ ఇలాంటి వాక్యాలు తగులుతాయి. చెడిపోయిన యంత్రం తనంతట తానే బాగుపడింది అని ఎక్కడైనా రాసి ఉంటే నవ్వి పేజీ తిప్పేయకండి. ఆ రోజు ఆ గదిలో ఎవరో నిజం చెప్పి ఉంటారు.